వాలు మీద మరమనిషి

దేశపు తొలి స్వదేశీ మరమనిషి తయారైందని ఎనభై అయిదు చలికాలంలో ఢిల్లీలో అధికారికంగా ప్రకటించారు. ప్రకటన వెలువడిన రోజున మరమనిషి లేదు. ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. ఢిల్లీలో ముందు ప్రకటన పుడుతుంది, ఆ తరువాత వీలునుబట్టి వస్తువు పుడుతుంది.

ప్రకటించినది భావియంత్రాల విభాగం. దాని డైరెక్టరు భీమేశ్వరరావుగారు, కాకినాడ వాస్తవ్యులు. విభాగం మూడేళ్ళుగా అహోరాత్రాలు శ్రమించింది. మరమనిషి నమస్కారం ఏ భాషలో పెట్టాలన్న విషయం మీద మొదటి ఏడాది గడిచింది. నమస్కారానికి భాష అక్కర్లేదు, చేతులుంటే చాలునని తేలేసరికి రెండో ఏడాది కూడా గడిచింది. ప్రస్తుతం చేతులు ఎన్ని ఉండాలన్నది ఉపసంఘం పరిశీలనలో ఉంది. అంతలో మంత్రిగారు ప్రదర్శనను ప్రారంభించడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకుంటారని ఎవరూ అనుకోలేదు.

భీమేశ్వరరావుగారికి గుండెనొప్పి వచ్చింది. తేదీ దగ్గరపడితే ఆ హోదాలో అది మామూలే. ఆయన్ని ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. గుండె దివ్యంగా ఉందని డాక్టర్లు చెప్పడంతో ఆయన మరింత కుంగిపోయి, గాలి కోసం వసారాలోకి వచ్చారు. అక్కడ ఆయన కళ్ళబడింది మరమనిషి.

మోకాలెత్తు ఉంది. ఎరుపు, పసుపు, నీలం ప్లాస్టిక్ ఇటుకలు ఒకదాంట్లో ఒకటి బిగించి కట్టినది. చదరపు తల, గుండీల కళ్ళు, ముందుకు చాచిన రెండు చేతులు, అడుగున చక్రాలు. ఎవరూ తోయకుండా, ఎవరూ లాగకుండా, వసారా పొడుగునా తనంత తానే దొర్లుకుంటూ వస్తోంది. దాని వెనక కాలికి ఇనుప కడ్డీలు కట్టిన ఒక చిన్నపిల్ల గోడ పట్టుకుని వస్తోంది. కాసేపటికి గోడ వదిలేసింది. అది డైరెక్టరుగారు గమనించలేదు. ఆయన చూపంతా మరమనిషి మీదే ఉంది.

"ఏమ్మా, దీనికి మోటారు ఎక్కడ పెట్టారు?" అని అడిగారు నర్సుని.

"మోటారేం లేదండి. కడిగిన నీళ్ళు పోవాలని వసారా వాలుగా కట్టారు. దాని మీద అదే దొర్లుకుంటా పోద్ది," అంది నర్సు.

ఆమె పేరు ఆనందకుమారి, ఊరు బాపట్ల. ఎవరో విదేశీ రోగి కుటుంబం వెళ్తూ వెళ్తూ వార్డుకి ఇచ్చిపోయిన ఆటఇటుకల పెట్టెతో, డ్యూటీ అయ్యాక కూర్చుని ఆమే దాన్ని కట్టింది. కారణం ఆ పిల్ల. పేరు భానుమతి. పాలమూరు నుంచి స్టేడియాలు కట్టడానికి వచ్చి, అవి అయిపోయినా ఢిల్లీలోనే ఉండిపోయిన మేస్త్రీ లింగయ్య కూతురు. పోలియో కాలు. డాక్టరు నడవమంటే నడవదు, బిస్కట్ చూపించినా నడవదు. కానీ కళ్ళముందు ఏదైనా పారిపోతుంటే పట్టుకోకుండా ఉండలేదు. చలికాలం పోయేలోగా అలవాటు పడితే జన్మంతా నడుస్తుంది, ఇప్పుడు ఆపితే కాలు మొరాయిస్తుంది అని డాక్టరు చెప్పాడు.

డైరెక్టరుగారి గుండెనొప్పి ఆ క్షణానే మాయమైంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు. ఇంతకంటే స్వావలంబన ఏముంటుంది? ఇటుకలు విదేశీవే కావచ్చు, వాలు మాత్రం నూటికి నూరుపాళ్ళు స్వదేశీ.

"ఇది దేశానికి కావాలమ్మా," అన్నారు.

"దేశానికి కాళ్ళు బాగానే ఉన్నాయి కదండీ. ఈ పిల్లకే లేవు," అంది ఆనందకుమారి.

ప్రదర్శన అవగానే తిరిగి ఇచ్చేస్తామని డైరెక్టరుగారు మాట ఇచ్చారు. సూపరింటెండెంటుగారు దేశభక్తులు కాబట్టి ఆమెను ఇంకేమీ అడగనివ్వలేదు. మరమనిషి ప్రభుత్వ జీపులో ముందు సీట్లో కూర్చుని వెళ్ళిపోయింది. భానుమతి వసారా చివర చతికిలబడి, అది రోజూ వచ్చే వైపు చూస్తూ కూర్చుంది. గోడ పట్టుకోవడం కూడా మానేసింది.

విభాగంలో పరిశోధన జోరందుకుంది. రంగులు విదేశీయంగా ఉన్నాయని మరమనిషికి ఆఫీసు బీరువాలకు వేసే బూడిదరంగు వేయించారు. అయితే మూడో అంతస్తులో గచ్చు సమంగా ఉండటం వల్ల అది కదల్లేదు. శాస్త్రవేత్తలు దాని చుట్టూ తిరిగి, చలికి బిగుసుకుపోయిందని నిర్ధారించి, హీటరు పెట్టారు. చివరికి డైరెక్టరుగారికే ఆసుపత్రి వసారా గుర్తొచ్చి, మరమనిషిని మార్చడం కన్నా భూమిని మార్చడం తేలికని ఆదేశాలిచ్చారు. ప్రదర్శనశాల నేలంతా వాలుగా కట్టాలి. ఆ పని చేయడానికి వచ్చిన మేస్త్రీ లింగయ్యే.

"సారూ, నీళ్ళు ఎటు పోవాలె?" అన్నాడు లింగయ్య. వాలు గురించి మేస్త్రీ అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

"నీళ్ళు కాదయ్యా. మరమనిషి వెళ్ళి మంత్రిగారికి దండ వెయ్యాలి. మంత్రిగారి వైపు పోవాలి."

"అయితే మంత్రిగారు కింద గూసోవాలె."

మంత్రిగారి కుర్చీ అందరికన్నా ఎత్తున ఉండాలన్నది మర్యాద. ఆ మర్యాద ముందు న్యూటన్ కూడా చేతులు కట్టుకోవలసిందే. రెండు సమావేశాలు జరిగాయి. మరమనిషి మంత్రిగారికి దండ వేసే బదులు, మంత్రిగారే మరమనిషికి దండ వేసి కిందికి వదులుతారని తీర్మానించారు. మంత్రిచేత దండ వేయించుకున్న మరమనిషి ప్రపంచంలో ఇంకెక్కడా లేదని డైరెక్టరుగారు సగర్వంగా చెప్పారు. అది నిజమే అయి ఉండాలి.

ప్రారంభోత్సవం నాడు సభికుల కుర్చీలు వాలుకి జారిపోకుండా కాళ్ళకింద విభాగం మూడేళ్ళ పరిశోధన నివేదికలు పెట్టారు. వాటికి అంతటి ఉపయోగం ఉంటుందని రాసినవారు కూడా ఊహించలేదు. ఆఖరి వరుస వెనక ఆనందకుమారి నిలబడి ఉంది. సభ అవగానే మరమనిషిని పట్టుకుపోవచ్చని సెలవు పెట్టి, భానుమతిని చంకనేసుకుని, రెండు బస్సులు మారి వచ్చింది.

మంత్రిగారు దండ వేసి మరమనిషిని వదిలారు. అది కాస్త ఊగి, కదిలింది. మంత్రిగారికి వీపు చూపించి, సెక్రటరీలను దాటి, విలేకరులను దాటి, నడవా వెంట జనంలోకి దొర్లుకుంటూ వచ్చింది. భానుమతి చంకలోంచి జారింది. రంగు మారినా ఆ చాచిన చేతులు ఆమెకు తెలుసు. అది ఆమె పక్కనుంచి ముందుకు పోయింది. ఆమె దాని వెనకే పోయింది. కడ్డీలు టకటకమన్నాయి. పట్టుకోవడానికి అక్కడ గోడ లేదు. కావాలని కూడా ఆ పిల్ల అనుకోలేదు. ద్వారం దగ్గర మరమనిషిని అందుకుని, దాని మెడలో దండ తీసి తన మెళ్ళో వేసుకుంది.

హాలంతా లేచి నిలబడింది. ఆడవాళ్ళు పమిటలతో కళ్ళు ఒత్తుకున్నారు. మంత్రిగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, యంత్రానికి కాళ్ళిద్దామని మేం బయలుదేరాం. మా యంత్రమే ఒక పేదబిడ్డకు కాళ్ళిచ్చింది. చూశారుగా, మా మరమనిషి నా దగ్గర నిలవలేదు, నేరుగా మీ దగ్గరకే వచ్చింది. మా ప్రభుత్వమూ అంతే."

ఆ సాయంత్రమే మరమనిషి జాతీయ సంపద అయిపోయింది. జాతీయ సంపదను ఆసుపత్రి వసారాలో దొర్లించడం నేరం కనుక దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, ముట్టుకోరాదని బోర్డు తగిలించారు. మాట తప్పకూడదన్న నియమంతో డైరెక్టరుగారు వార్డుకి మరమనిషి ఫోటో పంపించారు. ఫోటో దొర్లదని ఆనందకుమారి కబురు చేసింది. దానికి జవాబు రాలేదు. ఆమె మర్నాడే ఒక ఖాళీ డాల్డా డబ్బాలో నాలుగు గులకరాళ్ళు వేసి, మూత బిగించి, వసారా మీద వదిలింది. అది గలగలమంటూ దొర్లింది. వెనకే భానుమతి. డబ్బాని జాతి ఇంకా గుర్తించలేదు కాబట్టి అది వార్డులోనే ఉంది.

మరుసటి ఏడు మళ్ళీ ప్రదర్శన పెట్టారు. మరమనిషితో పాటు ఆ పాప కూడా కావాలని విభాగం ఆసుపత్రికి మనిషిని పంపింది. భానుమతి ఇప్పుడు కడ్డీలు లేకుండా నడుస్తోందని తెలిసి అతను ఎంతో నొచ్చుకున్నాడు. కుంటే పిల్లలు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. "పిల్లలు నడవడానికే వస్తారండి ఇక్కడికి, కుంటడానికి కాదు," అని ఆనందకుమారి తలుపు వేసేసింది.

చివరకు డిప్యూటీ సెక్రటరీగారి మనవరాలు ఆ బాధ్యత తీసుకుంది. నాట్యం నేర్చుకుంటున్న పిల్ల. బాగా సాధన చేసి, కాలికి కడ్డీలు కట్టుకుని, మరమనిషి వెనక కుంటుకుంటూ నడిచింది. కిందటేడు పాపకన్నా సహజంగా ఉందని పత్రికలు మెచ్చుకున్నాయి. చప్పట్లు కూడా ఎక్కువే పడ్డాయి.

మీరూ ఉన్నారు ఆ రోజు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. మీ ముందు ఒక పిల్ల, పక్కన పాలమూరు మేస్త్రీ వేలు పట్టుకుని, తన మరమనిషిని చూద్దామని మునివేళ్ళ మీద నిలబడింది. ఆ పిల్ల తల అడ్డొస్తే, "జరగవమ్మా, కుంటే పాప కనపడటం లేదు," అన్నారు మీరు.

భానుమతి జరిగింది. రెండు కాళ్ళమీదా చక్కగా నడుచుకుంటూ జరిగింది. అది మాత్రం ఎవరూ చూడలేదు.