నారాయణగూడకు డమ్మీ

ఆ బుధవారం పొద్దున దమయంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు పన్నెండుకల్లా డబ్బాల్లో సర్ది పంపేయడం, తానో ముద్ద తినడం, రెండింటికి కాళ్లు చాపుకుని పడుకోవడం. అశోక్‌నగర్‌లో పదిహేనేళ్లుగా భోజనం డబ్బాలు నడుపుతున్న మనిషికి ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

డబ్బాలు డెబ్బై. మోసేవాళ్లు ముగ్గురు: సైకిలు మీద ఓదెలు, పాత స్కూటరు మీద ఏడుకొండలు, కాలినడకన పోచయ్య. తిరగాల్సిన పేటలు మాత్రం నాలుగు. అశోక్‌నగర్, చిక్కడపల్లి, హిమాయత్‌నగర్‌లకు తలా ఒకరు పోగా, ఎవరు ముందు తిరిగొస్తే వాళ్లు నారాయణగూడ డబ్బాలు పట్టుకుపోవాలని నియమం. అందుకని ఎవరూ ముందు తిరిగొచ్చేవారు కాదు. నారాయణగూడ వాళ్లు పాపం వేడి అన్నం మొహం చూసి ఏళ్లయింది.

ఈ చిక్కు విప్పుతానని మేనకోడలు మహిత ముందుకొచ్చింది. ఆ పిల్ల దమయంతి దగ్గరే ఉండి ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. ఆపరేషన్స్ రీసెర్చ్ ఆమె సబ్జెక్టు. ఉన్న మనుషులతోనే తక్కువ సమయంలో పని ఎలా ముగించాలో లెక్కగట్టి చెప్పే శాస్త్రం. వంటింట్లోనే సమస్య ఉడుకుతుంటే ప్రాజెక్టు కోసం ఫ్యాక్టరీల చుట్టూ తిరగడం దేనికనుకుని, నాలుగు రోజులు నోటుబుక్కు పట్టుకుని ముగ్గురి వెంటా పడింది.

"ఓదెలన్నా, చిక్కడపల్లికి ఎంతసేపు పడ్తది?"

"పది నిమిషాలు."

"హిమాయత్‌నగర్‌కు?"

"నాకు ఏడికైనా పది నిమిషాలే బిడ్డా," అన్నాడు ఓదెలు మీసం దువ్వుకుంటూ.

పోచయ్యకు ఆపరేషన్ అన్న మాటొక్కటే అర్థమైంది. పంచె పైకి లాగి, "ముందుగాల ఏ మోకాలు కోస్తవమ్మా?" అని అడిగాడు. అది మోకాళ్ల చదువు కాదని తెలిశాక నీరుగారిపోయి, "అశోక్‌నగర్ తప్ప ఏడికైనా గంట, రాస్కో" అన్నాడు. ఏడుకొండలు ఒక్కడే గడియారం చూసి మరీ చెప్పాడు. ఆ గడియారం ఎప్పుడో ఆగిపోయిందన్న సంగతి తర్వాత తెలిసింది.

అంకెలన్నీ పట్టికలో వేసి, కూడి, తీసి, తేలిన జవాబును మహిత పెద్ద కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించింది. పదకొండు గంటలకు యూనివర్సిటీలో గైడు ముందు ఆమె ప్రాజెక్టు చూపించాలి. బస్సు టైమైపోతోంది.

"అత్తా, ఇయ్యాలటి నుంచి గీ కాగితం ప్రకారం పంపియ్యి. మిగిలింది వచ్చినంక చెప్త," అని చెప్పులేసుకుని పరుగెత్తింది.

దమయంతి కళ్లజోడు పెట్టుకుని చదివింది. చిక్కడపల్లికి ఓదెలు, పది నిమిషాలు. అశోక్‌నగర్‌కు పోచయ్య, ఇరవై నిమిషాలు. హిమాయత్‌నగర్‌కు ఏడుకొండలు, పదిహేను నిమిషాలు. నారాయణగూడకు డమ్మీ, సున్న నిమిషాలు.

ఆఖరి వరుస రెండోసారి చదివింది. పిల్ల తనకు చెప్పకుండానే నాలుగో మనిషిని కుదిర్చిందన్నమాట! పేరు కొంచెం వింతగా ఉంది కానీ పని చూస్తే మాత్రం పిడుగే. నారాయణగూడవి పద్దెనిమిది డబ్బాలు విడిగా కట్టి, మీద శుభ్రమైన తుండు కప్పి గుమ్మం దగ్గర పెట్టింది.

పదకొండున్నరకు ముగ్గురూ వచ్చి కాగితం ముందు నిలబడ్డారు.

"ఎవలమ్మా గీ డమ్మీ?" అన్నాడు ఓదెలు.

"కొత్తాయన. వస్తున్నడు."

"సున్న నిమిషాలా? మనిషన్నోడు సున్న నిమిషాల్ల ఎట్ల పోతడు?"

ఏడుకొండలు గొంతు తగ్గించి, "మనిషి కాదేమో అన్నా. డ్రోన్ అయ్యుంటుంది. పైనుంచి వచ్చి డబ్బా దింపేసి వెళ్లిపోతుంది," అన్నాడు.

ఆ మాటతో పోచయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. ఓదెలు మాత్రం నిలబడే ఉన్నాడు. ముఖం ఎర్రబడింది.

"పన్నెండేండ్ల సంది మోస్తున్ననమ్మా. మోకాలి మట్టం నీళ్లల్ల కూడ సైకిలు నెత్తిన పెట్టుకుని డబ్బాలు చేరేసిన. ఒక్క మాట చెప్పకుంట మిషిన్ తెచ్చిన్రా? ఇయ్యాల నారాయణగూడ పాయె, రేపు చిక్కడపల్లి పోతది. ముందుగాల ఆ డమ్మీని రానియ్యి. చూసినంకనే డబ్బా ముడ్త."

"నాకేం తెల్వదు ఓదెలూ, అంత పిల్లే రాసింది," అని దమయంతి ఎంత చెప్పినా వినలేదు. ముగ్గురూ గుమ్మంలో వరసగా కూర్చున్నారు. దమయంతి మహితకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ వచ్చింది.

పన్నెండుంపావుకు హెల్మెట్ పెట్టుకున్న మనిషొకడు, భుజాన సంచితో గేటు తీసి లోపలికొచ్చాడు. దమయంతి ప్రాణం లేచివచ్చింది.

"మీరేనా డమ్మీ?"

"ఏందమ్మా గట్లంటరు? పదేండ్ల ఎక్స్‌పీరియన్స్ నాది," అన్నాడతను నొచ్చుకుని. "పని ఏడుందో చూపియ్యున్రి, ఐదు నిమిషాల్ల చేసి పోత."

"సున్న అన్నరు గద," అన్నాడు పోచయ్య.

దమయంతి అతని రెండు చేతుల్లో తొమ్మిదేసి డబ్బాలు పెట్టేసింది. అతను వాటర్ ఫిల్టర్ మెకానిక్ అనీ, రావాల్సింది పక్క గేటుకనీ తేలేలోపల రెండు డబ్బాల చారు అతని ప్యాంటు మీదుగా బూట్లలోకి దిగింది.

ఈ గొడవలో ఉండగానే నారాయణగూడ నుంచి ఫోన్. రిటైర్డు ఇంజనీరు విశ్వేశ్వరరావుగారు ఒంటిపూట భోజనం మనిషి, ఆ పూట కాస్తా దాటితే మాట కరుకుదేలుతుంది.

"ఏమండీ దమయంతిగారూ, పన్నెండున్నరైంది. భోజనం ఏదండీ?"

"జర ఆగున్రి సార్. ఇయ్యాల మీకు డమ్మీ వస్తది."

"డమ్మీయా? అంటే ఉత్తుత్తి భోజనమా?"

"గట్ల కాదు సార్..." అనేలోపు ఆయన ఫోన్ పెట్టేశారు.

పెట్టేసి ఊరుకోలేదు. 'ఈరోజు మనకు పంపేది డమ్మీ భోజనమట' అని అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఎదురింటివాళ్లు దాన్ని 'నకిలీ భోజనం' అని సందు చివరి హాస్టలు గ్రూపుకు పంపారు. ఒంటిగంటకల్లా అది 'ప్లాస్టిక్ బియ్యం' అయింది. ఒంటిగంటా పదికి నారాయణగూడ ఖాతాదారులు పద్దెనిమిది మందీ ఆటోలు దిగి, విశ్వేశ్వరరావుగారిని ముందు పెట్టుకుని దమయంతి గుమ్మం ముందు నిలబడ్డారు.

"చూపించండమ్మా, ఆ ప్లాస్టిక్ బియ్యం ఎక్కడుందో!"

పదిహేనేళ్లలో ఉప్పెక్కువైందన్నారు, కారం తక్కువైందన్నారు, ఇలాంటి మాట మాత్రం ఎవరూ అనలేదు. దమయంతి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి మీద ఉన్న గుండిగ మూత తీసింది. ఆవిరి గుప్పున లేచింది. పప్పు పోపు వాసన గేటు దాకా పోయింది. గుంపులో ఎవరి కడుపో పెద్దగా మూలిగింది.

ఆ చప్పుడు విని ముందుగా లేచినవాడు ఓదెలు.

"సమ్మె సంగతి మల్ల చూద్దాం. ఆకలితోని ఉన్నోళ్లను నిలబెట్టుడు పాపం," అంటూ వరండాలో చాపలు పరిచాడు. పోచయ్య మోకాళ్ల సంగతి మరిచి మంచినీళ్లు అందించాడు. ఏడుకొండలు వడ్డించాడు. అందరికీ ఆకుల్లో అన్నం పడ్డాక, తక్కిన డబ్బాలు మూడు పేటలకూ ముగ్గురూ ఆగమేఘాల మీద పట్టుకుపోయారు.

రెండున్నరకు మహిత వాడిన మొహంతో వచ్చింది. తిరిగొచ్చిన ముగ్గురూ ఆమెను చుట్టుముట్టారు.

"ఎవలు బిడ్డా ఆ డమ్మీ?"

"ఎవలూ లేరన్నా. మనుషులు ముగ్గురు, పేటలు నాలుగు. లెక్క సరిపోవాలని లేని మనిషిని ఒకణ్ని రాసుకుంటం. డమ్మీకి వచ్చిన పేటకు ఎవరూ పోరన్నట్టు. పోనోడికి టైమ్ పట్టదు గద, అందుకే సున్న. అక్కడికి ఎప్పటిలెక్కనే ముందొచ్చినోళ్లు పోవాలని చెప్పుడు మరిచిన."

"అంటే లేనోని మీద ఇంత లొల్లి జేసినమా?" అన్నాడు ఓదెలు. అతని ముఖంలో సిగ్గు కన్నా నిశ్చింతే ఎక్కువ కనిపించింది.

"గైడు సారు కూడ తిప్పి పంపిండు," అంది మహిత. "నారాయణగూడకు ఎవరూ పోకపోతే వాళ్లేం తింటరమ్మా అన్నడు. నా దగ్గర జవాబు లేదు. వారంలోపల సారును ఒప్పించకపోతే మల్లా మొదటినుంచి చెయ్యాలె."

వరండాలో మూడోసారి మజ్జిగ పోయించుకుంటున్న విశ్వేశ్వరరావుగారు చెయ్యెత్తారు.

"అదేంటమ్మా, జవాబు లేకపోవడం? రేపట్నుంచి మేమే వస్తాం. ఇంత వేడిగా తిని ఎన్నేళ్లయిందో! మా ఇంటికి మాత్రం ఎవర్నీ పంపకండి."

వెనక నుంచి పదిహేడు తలలు ఊగాయి. మహిత అదే మాట కాగితం మీద రాయించి, పద్దెనిమిది మంది చేతా సంతకాలు పెట్టించి మర్నాడు గైడుకిచ్చింది.

ఆయన ఒక పట్టాన నమ్మే రకం కాదు. స్వయంగా చూడాలని శుక్రవారం పన్నెండున్నరకు వచ్చి, అందరితోపాటు చాప మీద కూర్చుని, గుత్తివంకాయ రెండోసారి వేయించుకుని, ప్రాజెక్టు మీద 'ఇంకా పరిశీలించవలసి ఉన్నది' అని రాసి సంతకం చేశారు.

ప్రాజెక్టు ఎప్పుడో పాసైంది కానీ, ఆదివారాలు మినహా ఆయన ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు.