మోకాలికి నూడుల్స్ కాపడం

ఆ ఆదివారం పొద్దున అక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక నూడుల్స్ పొట్లం, సగం ఉల్లిపాయ, కూరల కొట్టువాడు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న క్యాబేజీ పైఆకులు. వీటితో రెండు కడుపులు నిండాలి. అక్క ఇస్త్రీ షాపులో కొత్తగా చేరింది. తొలి జీతానికి ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. తమ్ముడు ఉద్యోగం వెతుకుతున్నాడు. ఆ ఉద్యోగం కూడా వీడికి చిక్కకుండా అంతే శ్రద్ధగా దాక్కుంటోంది. మంచం కింద అట్టపెట్టెలో ఇరవై ఎనిమిది పొట్లాలున్నాయి. రోజుకు రెండు. మధ్యలో ఎవరికీ మరీ ఆకలి వేయకపోతే సరిగ్గా సరిపోతాయి.

నూడుల్స్‌ను సాగదీయడంలో అక్కను మించినవాళ్లు లేరు. మూడు నిమిషాలు చాలని కవరు మీద రాసి ఉంటే, ఆవిడ ముప్పావు గంట నాననిచ్చేది. "పెళ్లయిన మగాడిలా ఉబ్బాలిరా, అప్పుడే ఇద్దరికి వస్తుంది" అనేది. మసాలా పొడి సగమే వేసి, మిగతా సగం కవరు మడిచి తలపిన్ను పెట్టేది. వార్చిన నీళ్లలో మిరియాలు చల్లితే అదే సాయంత్రానికి సూపు.

అసలు చిక్కు తిండి దగ్గర కాదు, మెట్ల దగ్గర ఉంది. అక్కడ ఇంటావిడ ఒక బోర్డు పెట్టింది: "గదుల్లో వంట చేసినవారు ఆ రోజే ఖాళీ చేయవలెను." నీళ్లు కాచుకోవడానికి కెటిల్ మాత్రం పెట్టుకోనిచ్చింది. ఆ కెటిల్‌లోనే వీళ్ల సంసారం ఉడికేది. తలుపు సందులో దుప్పటి కుక్కి, కిటికీ దగ్గర నిలబడి వండుకునేవాళ్లు. ఆ గది పోతే ఆ ఊళ్లో వాళ్లకు తల దాచుకునే చోటే లేదు.

ఆ రోజు తమ్ముడికి బుద్ధి గడ్డి తింది. అక్క అటు తిరగ్గానే మసాలా పొట్లం మొత్తం కుమ్మరించాడు. వాసన దుప్పటినీ లెక్క చేయలేదు, తలుపునూ లెక్క చేయలేదు, తిన్నగా మెట్లు దిగి ఇంటావిడ ముక్కు పట్టుకుని పైకి లాక్కొచ్చింది. ఆవిడ తలుపు తోసేసరికి అక్క పాత తువ్వాలులో నూడుల్స్ వార్చి మూట కట్టి పట్టుకుని ఉంది. మూట లోంచి పొగలు.

"ఏమే అమ్మాయ్, ఏంటా వాసన?"

అక్క మూటను వీపు వెనక్కి జరిపింది. తమ్ముడి నోటికేమో ఎప్పుడూ తాళం ఉండదు.

"మందండీ పిన్నిగారూ! అక్కకి మోకాలు పట్టేసింది. కాపడం పెడుతున్నాం."

"కాపడమా? ఏదీ, పెట్టు చూస్తాను."

చేసేదేముంది? అక్క మంచం మీద కూలబడి, కాలు చాపి, మూట మోకాలి మీద పెట్టుకుంది. వెంటనే "అబ్బా!" అని అరిచింది. ఆ అరుపులో నటన ఏమీ లేదు, మోకాలు నిజంగానే కాలింది. ఇంటావిడ మూట వైపు అలా చూస్తూ ఉండిపోయింది. గుటక కూడా వేసింది గానీ, భయంలో ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల గొంతులు చూడరు కదా!

"నాకూ ఉన్నాయిగా మోకాళ్లు" అని మూట లాక్కుని, చక్కగా మెట్లు దిగి వెళ్లిపోయింది. పొద్దుటి తిండి అలా కిందికి పోయింది.

మర్నాడు తువ్వాలు ఉతికి, మడిచి తెచ్చి ఇచ్చింది. "ప్రాణం లేచొచ్చిందనుకో! పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పంపు."

"రెండెందుకండీ?" అన్నాడు తమ్ముడు.

"మోకాళ్లెన్నిరా? రెండేగా! ఆ... నిన్నటి దాంట్లో ఉల్లిపాయ తక్కువైందే అమ్మాయ్. కాస్త ఘాటు ఉంటేనే పడుతుంది."

కాపడంలో ఉల్లిపాయ సంగతి ఆవిడకెలా తెలిసిందో అడగాలని వాళ్లకు తోచలేదు. బోర్డు తలుచుకుంటే బుర్ర పనిచేయడం మానేసేది. మంగళవారం కింది వాటాలో ఉండే బస్సు కండక్టరు మెట్లెక్కి వచ్చాడు. రిటైరైనా మనిషికి టికెట్టు అడిగే చూపు పోలేదు.

"కింద వదినగారు చెప్పారమ్మాయ్. నాకూ మెడ పట్టేసింది. రోజుకొకటి చాలు. క్యాబేజీ వద్దు, నా మెడకి పడదు."

"మెడకి పడకపోవడమేంట్రా?" అంది అక్క, ఆయన వెళ్లాక.

"నన్నడుగుతావేంటే? నువ్వేగా వైద్యురాలివి!"

"నేనా? మందని మొదట కూసిందెవర్రా, సన్నాసీ?"

ఆ వారం కెటిల్ చల్లారలేదు. కిందికి మూడు మూటలు పోగా, అక్కాతమ్ముళ్లకు ఒక్క పొట్లం మిగిలేది. దాన్ని ఎంత నానబెట్టినా ఎంతకని ఉబ్బుతుంది, పాపం? శుక్రవారం అక్క లాయరు కోటు ఇస్త్రీ చేస్తూ ఒక్క క్షణం కళ్లు తిరిగి ఆగింది. ఇస్త్రీ పెట్టె ఆగింది గానీ దాని వేడి ఆగలేదు. కోటు వీపు మీద పడవ ఆకారంలో మాడిన మచ్చ.

"ఇంకొక్క మచ్చ పడిందంటే, నువ్వు జీతం దాకా రావక్కర్లేదు" అన్నాడు షాపు యజమాని.

గోరుచుట్టు మీద రోకటిపోటులా శనివారం పొద్దున ఇంటావిడ కూతురు పైకి వచ్చింది. ఆవిడ నర్సు. తల్లికి బీపీ ఉందని వంటింట్లో ఉప్పు డబ్బాకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని డ్యూటీకి వెళ్లే మనిషి. చేతిలో బీపీ చూసే పట్టీ, దాన్ని ఎవరి మెడకో చుట్టబోతున్నట్టుంది వాలకం.

"మా అమ్మకి వారంలో బీపీ ఇంతెత్తున లేచింది. ఏం మార్చావమ్మా అంటే మోకాలికి కాపడం తప్ప ఏమీ లేదంటోంది. మోకాలికి కడితే తలకెక్కే మందేంటది? చెప్తారా, పోలీసుల్ని పిలవనా?"

అక్క పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కయింది. మందంటే దొంగ వైద్యం, నూడుల్స్ అంటే దొంగ వంట. తమ్ముడి నోటికి కూడా మొట్టమొదటిసారి తాళం పడింది.

"ఇప్పుడే... కింద ఇచ్చొచ్చామండీ" అంది అక్క. "మీరే చూడండి."

"పదండి, మీ ఎదురుగానే చూస్తా."

నర్సు ఇద్దర్నీ ముందు నడిపించుకుని దిగి, తల్లి గది తలుపు ఒక్క తోపు తోసింది. లోపల బల్లకు అటు ఇంటావిడ, ఇటు కండక్టరు. మధ్యలో విప్పిన తువ్వాళ్లు రెండు, ఫోర్కులు రెండు. మోకాళ్లు బల్ల కింద నిశ్చింతగా ఉన్నాయి.

"కండక్టరుగారూ! మెడకి కట్టాల్సింది మీసానికి వేలాడుతోందేంటండీ?" అంది నర్సు.

కండక్టరు ఆ పోగును లోపలికి లాగేసుకుని, తల వంచుకున్నాడు. మెడ మాత్రం భేషుగ్గా వంగింది.

"లోపలికి పుచ్చుకుంటే త్వరగా పనిచేస్తుందనీ..." అంది ఇంటావిడ.

నర్సు అక్క వైపు తిరిగింది. "అంటే గదిలో వండుతున్నారన్నమాట! బోర్డు చదవలేదా? ఇవాళే ఖాళీ చెయ్యండి."

అక్కకు వారం ఆకలి ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. "చేస్తామండీ. ఇంక పెట్టెలో ఐదు పొట్లాలున్నాయి. వారం రోజులు బతకాలి. మా తిండంతా మీ అమ్మగారి మోకాళ్లూ, కండక్టరుగారి మెడా తినేశాయి. నిన్న ఆకలికి కళ్లు తిరిగి కోటు కాల్చా. ఇంకేం మిగిలిందని మాకు భయం?"

ఇంటావిడ ఫోర్కు కింద పెట్టింది.

"అయ్యో! మీరు తినగా మిగిలింది పంపుతున్నారనుకున్నానే, పిచ్చిదానా!"

"మీకు తెలుసా పిన్నిగారూ, ఇది నూడుల్స్ అని?" అన్నాడు తమ్ముడు.

"మొదటి రోజే తెలుసు. నాకున్నది బీపీ, జలుబు కాదు." అప్పుడు కూతురి మీదికి లేచింది. "వాళ్లు వండలేదు, నేను వండించుకున్నా. ఇల్లు నాది, బోర్డు నాది. ఖాళీ చెయ్యమనడానికి నువ్వెవరే? రెండేళ్లుగా ఉప్పులేని గడ్డి పెడుతున్నావు నాకు! ఈ పిల్లలు ఇక్కడే ఉంటారు. ఇవాళ్టి నుంచి మన వంటింట్లోనే వండుకుంటారు, మన సరుకులతోనే."

నర్సు చాలాసేపు తల్లినీ, ఆ ఇద్దరి ఎండిన మొహాలనూ మార్చి మార్చి చూసింది. చివరికి మెత్తబడింది. "సరే. కానీ ఆ వంటింట్లో ఎవరికీ ఉప్పు లేదు. వాళ్లక్కూడా."

అలా అక్కాతమ్ముళ్లకు గది నిలిచింది, కడుపు నిండా తిండీ దొరికింది, నాలుకకు మాత్రం వైరాగ్యం అబ్బింది. మిగిలిన ఐదు పొట్లాలనూ ఆసుపత్రి చెత్తబుట్టలో పారేస్తానని నర్సు సంచిలో వేసుకుని వెళ్లింది.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చిన ఆవిడ తెల్ల యూనిఫాం మీద పసుపుపచ్చ మరక ఒకటి ఉంది; ఎవరూ అడక్కముందే అది అయోడిన్ అని చెప్పింది.