మంచం పట్టిన ఎరువు

ఆ పొద్దున కండక్టరమ్మ పథకం చాలా చిన్నది. బస్సు డ్యూటీ మధ్యాహ్నానికి పడింది. ఈలోగా మేడ మీద ఎరువు కుప్ప అడుగున మాగిన భాగాన్ని జల్లించి జీనియా నారుకూ బంతి నారుకూ పెట్టాలి. ఆ తర్వాత ఇంటి ఓనరు వస్తాడు, ఆయన్ని చెయ్యి పట్టుకుని కుప్ప దగ్గరికి లాక్కెళ్లి చూపించాలి. ఆ చివరిదే అసలు పని. "మేడంతా చెత్త చేసి పెట్టారు. ఈసారి నేనొచ్చినప్పుడు వాసన తగిలిందా, తలుపుకి తాళం వేసేస్తా" అని వెళ్లాడాయన.

తాళం పడిందంటే ఆ ఏడాదికి పూలు లేనట్టే. రంగు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో నారు నాలుగాకులు తొడిగి ఆకలితో నిలబడి ఉంది. దుకాణం ఎరువును కండక్టరమ్మ గడప తొక్కనివ్వదు. "ఇంట్లో పుట్టిన తొక్కనంతా ఊరవతల తగలబెట్టి, మళ్లీ సంచుల్లో మందు కొనుక్కొచ్చి మొక్కకి పోస్తారా? బుద్ధుండక్కర్లేదూ?" అని టిక్కెట్టుతో పాటు ప్రతి ప్రయాణికుడికీ చెబుతుంది. కొందరు దిగాల్సిన స్టాపుకు ముందే దిగిపోతారు.

ఆ కుప్ప కూడా అల్లాటప్పా కుప్ప కాదు. మేడ తడిసిపోతోందని ఓనరు సణిగినప్పుడు, ఆమె పాత ఇనుప మంచం ఒకటి పైకి చేర్చి, దాని మీద తీగల వల పరిచి, వంటింటి తొక్కలూ ఎండుటాకులూ రంపపు పొట్టూ పొరలుపొరలుగా పేర్చింది. కింద నుంచి గాలి ఆడుతుంది, నేల తడవదు. మొన్న పైపొరల్లో పచ్చగడ్డి కలిపి తిరగేసిందేమో, ఇప్పుడు కుప్ప వేడెక్కి ఆవిర్లు కక్కుతోంది. బాగా మాగే ఎరువు అలాగే కాగుతుంది. అదే దాని ఆరోగ్యం.

"చూశారా, ఎలా ఉడుకుతోందో! చెయ్యి పెట్టి చూడండి, కాలిపోతుంది!" అని కండక్టరమ్మ చంకలు గుద్దుకుంది.

గడియారాలు బాగుచేసే ఆమె భర్తకు మాత్రం గుండె లయ తప్పింది. "ఈ పొగ చూస్తే ఓనరు నిప్పంటుకుందనుకోడూ?"

"అనుకోనీండి. నేను చెప్తాగా!" అని ఆమె నీళ్ల డబ్బా పట్టుకుని కిందికి దిగింది.

ఆమె అటు వెళ్లగానే ఆయన ఉన్ని దుప్పటి తెచ్చి కుప్పంతా కప్పేశాడు. గాలికి లేవకుండా అంచులు కిందికి దోపాడు. ఒక చివర ఎండుటాకుల గోనెసంచి బరువు పెట్టి, దాని మీదికీ దుప్పటి లాగాడు. గడియారంలో ఆవగింజంత చక్రం కనిపించే ఆ కళ్లకు, తను మంచం మీద ఎవర్ని పడుకోబెట్టాడో కనిపించలేదు.

అది కింది వాటా కాంపౌండరుకు కనిపించింది. తడిబట్టలు ఆరేయడానికి వచ్చాడాయన. కళ్లజోడు ఇంట్లో మరిచాడు. మంచం, దుప్పటి, తల దాకా ముసుగు. వృత్తిధర్మం ఊరుకోనిస్తుందా? వెళ్లి చెయ్యి వేశాడు.

"బాబోయ్! ఒళ్లు పెనంలా కాలిపోతోంది!"

జేబులో ఎప్పుడూ ఉండే థర్మామీటరు తీసి, చంక అనుకున్న చోట దుప్పట్లోకి దూర్చాడు. బయటికి లాగి, ముక్కుకు ఆనించుకుని చూశాడు. పాదరసం చివరికంటా పాకి, ఇక దారి లేక ఆగిపోయింది. "ఎవరండీ ఈవిడ? మీ అమ్మగారా?" అని పక్కనే నిలబడ్డ భర్తను అడిగాడు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఓనరు ఆయాసం వినిపించింది. భర్తకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నోరు మాత్రం ఆడింది. "అవునండీ... అమ్మే."

"అయ్యయ్యో! మొన్న శుభ్రంగా పలకరించిందయ్యా నన్ను!" అంటూ ఓనరు పరుగున వచ్చాడు. "ఇలా మేడ మీద పడేశారేంటి?"

"గాలి కోసమండీ."

"ముఖమ్మీద దుప్పటి కప్పి గాలేంటయ్యా?"

"చలండీ."

"మీ మాటలకేం గానీ, ఊపిరాడట్లేదు. నాకైతే అసలు ఊపిరే కనపడట్లేదు" అన్నాడు కాంపౌండరు. ఓనరు అంబులెన్సుకు ఫోను కొట్టాడు.

కండక్టరమ్మ నీళ్లతో పైకి వచ్చేసరికి దృశ్యమిదీ. నిజం నాలిక చివరికి వచ్చింది. ఎరువు విషయంలో ఆమె బతుకులో అబద్ధమాడలేదు. కానీ ఇప్పుడు దుప్పటి లాగితే, వాసన మాట దేవుడెరుగు, మోసగాళ్లని తాళం వేస్తాడు. భర్త చూపుల్తోనే కాళ్లావేళ్లా పడుతున్నాడు.

"ఏమ్మా, కోడలివై ఉండి పెద్దావిణ్ని ఇలాగేనా చూసుకునేది?" అని ఓనరు గద్దించాడు.

"దాని తప్పేం లేదండీ" అని భర్త అడ్డుపడ్డాడు. ఆడిన అబద్ధం తోడు కోరుతుంది కదా. "మీరు మేడకి తాళం అన్నప్పట్నుంచీ అమ్మకి బెంగ. పూలంటే ప్రాణం ఆవిడకి."

ఓనరు మంచం అంచున కూలబడిపోయాడు. దుప్పటి మీద తల ఆనించి బావురుమన్నాడు. "అమ్మా! నా పాడు నోటికి పడాలమ్మా తాళం! మీరు లేచి కూర్చోండి చాలు. నేను బతికుండగా ఈ మేడ మీద ఒక్క డబ్బా కదలదు, ఇది మాత్రం ఒట్టు!" కాళ్లు అనుకున్న చోట రెండు చేతులూ వేసి తడిమాడు. "అయ్యో, కాళ్లు కూడా మెత్తబడిపోయాయే!"

కండక్టరమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకుని కాంపౌండరు ఓదార్చాడు.

అంబులెన్సు వాళ్లిద్దరు స్ట్రెచరుతో రొప్పుతూ వచ్చారు. "తల నువ్వు పట్టు, కాళ్లు నేను. ఒక్కసారే లేపుదాం!"

"తాకొద్దు!" అని మొగుడూ పెళ్లాం ఒక్క గొంతుతో అరిచారు.

"ఎందుకు తాకొద్దు?"

"విడిపోతుంది" అంది కండక్టరమ్మ.

"మనిషి విడిపోవడమేంటమ్మా?"

జవాబు మెట్ల మీద నుంచి వచ్చింది. అప్పుడే స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, కూరగాయల తొక్కల గిన్నె చంకన పెట్టుకుని అత్తగారు ఎక్కి వచ్చారు. "ఏంట్రా ఈ గోల? ఎవరు పోయారు?"

"నువ్వేనమ్మా" అన్నాడు కొడుకు. అలవాటైపోయింది మరి.

కాంపౌండరు దగ్గరికి వెళ్లి, ఆవిడ మణికట్టు పట్టుకుని, "ఈవిడకి జ్వరం లేదు" అని తేల్చాడు.

"నాకెందుకుంటుంది నాయనా? తప్పుకోండి, దానికి తిండి వేళైంది" అని ఆవిడ దుప్పటి ఒక్క లాగు లాగారు. ఆవిరి భగ్గున లేచింది. స్ట్రెచరు పట్టుకున్నవాడు స్ట్రెచరు మీదే కూర్చుండిపోయాడు.

ఓనరు తన చేతులకేసి చూసుకున్నాడు. "అంటే నేను చెత్త కాళ్లు పట్టుకున్నానా? మోసం! ఇప్పుడే వేస్తా తాళం!" అని తాళంచెవి బయటికి లాగాడు.

అప్పుడు లేచింది కండక్టరమ్మ గొంతు, బస్సు వెనక సీటులో నిద్రపోయేవాణ్ని కూడా లేపే గొంతు. "ఆగండి! అబద్ధమాడింది మేమే, తప్పే, చెంపలేసుకుంటాం. కానీ వాసనొస్తే తాళం అన్నారు. ఇంతసేపూ దాని పక్కన కూర్చున్నారు. దాని మీద ముఖం పెట్టుకుని ఏడ్చారు. గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి, వాసనొచ్చిందా?"

ఓనరు వంగి గట్టిగా పీల్చాడు. ఆయన పోయిన కోపాన్ని వెతుక్కోవడం అందరికీ కనిపించింది.

"వాన పడ్డ మట్టి వాసన" అన్నాడు కాంపౌండరు.

"నిన్నెవరడిగారు?" అని ఓనరు కసురుకున్నాడు. "సరే, వాసన లేదు. కానీ నేను ఒట్టేసింది పెద్దావిడ మీద!"

"చెయ్యి మాత్రం దాని మీదే ఉందండీ. మేమొచ్చేసరికి కూడా తియ్యలేదు" అన్నాడు స్ట్రెచరు మీద కూర్చున్నవాడు, సాక్షిలాగా.

ఓనరు తాళంచెవి జేబులోకి తోసుకుని, మెట్ల దాకా వెళ్లి ఆగాడు. "ఆ జీనియాల్లో ఎర్రవి పూస్తే ఒక డబ్బా మా గుమ్మంలోకి పంపండి" అని వెనక్కి తిరక్కుండానే చెప్పి, దిగిపోయాడు.

కండక్టరమ్మ డ్యూటీకి వెళ్లేలోగా కుప్ప అడుగు నుంచి నల్లటి ఎరువు తోడి, జల్లించి, ప్రతి డబ్బాలోనూ పిడికెడు పెట్టింది. ఆనందం పట్టలేక ఒక్కో మొక్కనీ "తిను, తిను" అని కేకలేసింది.

అంబులెన్సు చూసిన వీధి మాత్రం ఊరుకుంటుందా? సాయంత్రానికి పరామర్శకు బుట్టలకొద్దీ పళ్లు వచ్చిపడ్డాయి. కాదంటే బాగుండదని అత్తగారు అన్నీ తీసుకుని తీరిగ్గా తిన్నారు; తొక్కలు మాత్రం న్యాయంగా రోగికే పెట్టారు.