నాలుగు మొదటి లైన్లు

ఈ వేసవి దాటేలోగా బరంపురం దేశానికి మంచు రాజధాని అయిపోతుందని మంత్రి లోకనాథ్‌గారు ప్రకటించినప్పుడు, సభలో ఉన్నవాళ్ళందరూ చెమట తుడుచుకుంటున్న రుమాళ్ళనే గాల్లో ఊపి హర్షం తెలియజేశారు. అన్న మాట ప్రకారం ఊరి చివర మంచు హాలు లేచింది. జాతీయ ఐస్ హాకీ లీగులో ఆడడానికి ‘గంజాం మంచుపులులు’ అనే జట్టు కూడా పుట్టింది. కాళ్ళకి బ్లేడ్ల బూట్లు తొడుక్కుని, మంచు మీద జారుతూ, ఒక నల్లటి రబ్బరు బిళ్ళని కర్రలతో తరిమే ఆట అది. అంతవరకూ జిల్లాలో మంచుతో పనిపడ్డవాళ్ళు చేపల వ్యాపారులూ, సోడా కొట్టువాళ్ళూ మాత్రమే. అయినా మంత్రిగారికి దూరదృష్టి ఉంది. దగ్గరివి చూడ్డానికే కళ్ళజోడు కావాలి.

ఆయన దూరదృష్టిని కళ్ళారా చూసి తరించినవాడు పార్టీ పట్టణ కార్యదర్శి కూర్మారావు. జెండా పట్టుకునే వయసులో పార్టీలో చేరి, జెండా కర్రకి ఆనుకునే వయసుకి వచ్చాడు. పదవి మాత్రం రాలేదు. ఎందుకైనా మంచిదని ఇంట్లో బోర్డు రాయించి ఉంచుకున్నాడు. దాని మీద ‘శ్రీ కూర్మారావు’ అని ఉంటుంది. కింద జానెడు ఖాళీ. ఆ ఖాళీ నిండితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అతనికి. భార్య భారతీదేవి వారం వారం ఆ బోర్డుని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ బీరువా మీద పెడుతూ ఉంటుంది.

ఒకరోజు మంత్రిగారి నుంచి పిలుపు వచ్చింది.

“కూర్మారావ్, కోచమ్మ ఏవో లైన్లేసిందట. జిల్లాకి జిల్లా అలిగి కూకుంది. ఎవుడూ అలక్కండా నువ్వెల్లి సర్దు. మేచ్ రోజుకి నీకో పదవి.”

“ఆజ్ఞా!” అన్నాడు కూర్మారావు. సంతోషం పట్టలేనప్పుడు అతనికి ‘చిత్తం’ కూడా ఒడియాలోనే వస్తుంది.

కోచ్ సరళ బరంపురం కోమట్ల ఇంటి పిల్లే. లడఖ్‌లో ఆట నేర్చుకుని వచ్చింది. కూర్మారావుకి ఓపిగ్గా చెప్పింది.

“ముందుండి ఆడేవాళ్ళు పన్నెండుమంది బాబాయ్. ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లు. మొదటి లైన్లో అస్కా చిన్నా, పాత్రపూర్ రవి, గంజాం లక్ష్ముడు. లక్ష్ముడు బిళ్ళ లాక్కొస్తాడు, రవి అందిస్తాడు, చిన్నా కొడతాడు. ముప్పావు నిమిషం ఆడగానే ముగ్గురూ వచ్చి కూర్చోవాలి, రెండో లైను దిగాలి. మంచు మీద అంతకన్నా ఊపిరాడదు.”

కూర్మారావు నిర్ఘాంతపోయాడు. బరంపురంలో అతను నడిపించని పెళ్ళి భోజనాలు లేవు. ఎవరిని ఏ బంతిలో కూర్చోబెట్టాలో అతనికి తెలిసినట్టు పురోహితుడికి కూడా తెలీదు.

“రెండో లైనా? ఆ మాట ఆళ్ళ మొకం మీద ఎవులు సెప్తారమ్మా? మా పెదనాన్న కూతురి పెళ్ళిలో వియ్యంకుడి బావమరిదిని రెండో బంతిలో కూకోబెట్టాం. ఇప్పటికీ ఆ ఇంట్లో సుభకార్యవైతే మాకు పిలుపు లేదు.”

“ఇది ఆట బాబాయ్, భోజనం కాదు.”

“బంతంటే బంతేనమ్మా. పైగా ఆడతన్నోడిని మద్దిలో లెగ్గొడతావా? ఇస్తరి ముందు కూకున్నోడిని లెగ్గొట్టినట్టు కాదా అది? ఉసురు తగులుతాది.”

సరళ గ్లాసెత్తి నీళ్ళు తాగింది.

ఆ రోజు నుంచి కూర్మారావు ఇంటి ముందు చెప్పులు పెట్టుకోడానికి చోటు లేకపోయింది. అస్కా నుంచి చెరుకు రైతులు లారీలో దిగారు. మా చిన్నా ఒక్కడినే పిలిచి మిగతా ఇద్దరినీ మూడో లైన్లో పడేస్తారా, ఇది అస్కాకే అవమానం అన్నారు. పాత్రపూర్ వాళ్ళు లారీ దిగలేదు. అలిగినవాళ్ళు దిగకూడదట. గంజాం వాళ్ళు చేపలు తెచ్చారు గాని ఇవ్వలేదు. నాలుగో లైన్లో ఉన్న బరంపురం కుర్రాడి నాయనమ్మ జగ్గమ్మ అరుగు మీద కూలబడి, “నా మనవడు నాలుగో బంతోడా బావూ? సారన్నం కూడా అయిపోతాది కదా అప్పటికి!” అని కళ్ళొత్తుకుంది. కూర్మారావుకి నిజంగానే జాలేసింది. పదవి కోసమే అయినా, జాలి జాలే.

మర్నాడు గడ్డం గీసుకుంటూండగా ఉపాయం తట్టింది. సగం గడ్డంతోనే వీధిలోకి వచ్చి ప్రకటించాడు. ఏ ఊరి కుర్రాళ్ళు ఆ ఊరి లైన్లోనే ఉంటారు. అస్కాది మొదటి లైను. పాత్రపూర్‌ది ప్రథమ లైను. గంజాంది ఒకటో లైను. బరంపురానిది ఫస్టు లైను.

వీధంతా చప్పట్లతో మారుమోగింది. పాత్రపూర్ వాళ్ళు లారీ దిగారు. గంజాం వాళ్ళు చేపలు ఇచ్చారు. మంత్రిగారు ఫోన్లో, “ఈ బుర్ర మా కేబినెట్‌లో ఎవుడికీ లేదు కూర్మారావ్!” అన్నారు. కూర్మారావు గుండె పొంగిపోయింది.

సరళ మాత్రం ఆటగాళ్ళ మాటే పట్టుకుంది. “అస్కా ముగ్గురూ కొట్టేవాళ్ళే బాబాయ్. అందించేది ఎవరు?”

“అందించడం పార్టీ సూసుకుంటాది. నువ్వు దిగులెట్టుకోకు.”

అంతా కుదిరిందనుకునే వేళకి మంత్రిగారి బావమరిది కొడుకు ఢిల్లీశ్వరరావు సూట్‌కేసుతో దిగాడు. జట్టులో చోట్లు ఇరవై. ఇరవయ్యీ నిండిపోయాయి. ఒకరిని తియ్యాలి. కూర్మారావు న్యాయంగానే ఆలోచించాడు. ఎవరి కోసం ఒక్కరూ లారీలో రాలేదో, ఒక్క ఫోనూ చెయ్యలేదో, ఏ లైన్లోనూ ఎవరి పేరు లేదో, అలాంటివాడు ఒక్కడే కనిపించాడు. పైడన్న. సరళ మంచు హాల్లో ఉండగా, ఆమెకి చెప్పకుండానే ఆ పేరు కొట్టేసి లీగు ఆఫీసుకి పంపించేశాడు.

మ్యాచి రోజు హాలు కిటకిటలాడిపోయింది. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల చలి ఉచితం. జనం రగ్గులు కప్పుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. ఎదటిది సిమ్లా జట్టు.

“పైడన్నేడి బాబాయ్?” అంది సరళ.

“ఆణ్ని తీసేసాను. ఏ లైన్లోనూ లేడు కదమ్మా.”

“గోలుకి అడ్డం నిలబడేవాడు లైన్లో ఉండడు బాబాయ్! ఇంక కీపరెవరు?”

“రెండో కీపరున్నాడు కదా?”

“తనని రెండోవాడన్నారని అతను పోయిన వారమే అలిగి వెళ్ళిపోయాడు.”

పైడన్న కోసం మనిషిని పరిగెత్తించారు. అతన్ని పొద్దున్నే సిమ్లా వాళ్ళు టిఫిను పెట్టించి తమ జట్టులో చేర్చుకున్నారని తెలిసింది.

అప్పుడు మంత్రిగారు కూర్మారావు భుజం మీద చెయ్యి వేశారు.

“పదవిత్తానన్నాను కదా? ఇదిగో. ఏ లైన్లోనూ లేదు, ఎవుడితోటీ పోటీ లేదు. జట్టు మొత్తానికీ ఒక్కడే. పైగా ముప్పావు నిమిషానికోసారి లెగక్కర్లేదు. మేచ్ అయిందాకా నువ్వే.”

మధ్యలో లేపని పదవి! కూర్మారావు కళ్ళు చెమర్చాయి. జాబితాలో పేరు లేనివాడు ఆడకూడదన్న నిబంధనని మంత్రిగారు ఒక్క ఫోనుతో పక్కకి తప్పించారు. కూర్మారావుకి పరుపుల్లాంటి తొడుగులు కట్టారు. బ్లేడ్ల మీద నిలవలేకపోతే పార్టీ కండువాతో గోలు స్తంభానికి కట్టారు. మెడలో దండ మాత్రం ఉండనిచ్చారు.

ఈల మోగింది. మొదటి, ప్రథమ, ఒకటో, ఫస్టు లైన్లన్నీ ఒక్కసారే మంచు మీదకి దిగాయి. ఢిల్లీశ్వరరావు కూడా దిగాడు. రిఫరీ ఈల ఊది ఊది ఒక్కొక్కర్నీ తరిమేశాడు. ఎంత ఊదినా కదలక మిగిలిపోయినవాళ్ళు అస్కా ముగ్గురే. ముప్పావు నిమిషం అయ్యాక సరళ, “మార్పు! వచ్చెయ్యండి!” అని అరిచింది. చిన్నా గ్యాలరీలో తండ్రివైపు చూశాడు. “లెగకు!” అన్నాడు తండ్రి. చిన్నా రాలేదు. ముగ్గురూ కాసేపు ఒగర్చి, మంచు మీదే చతికిలబడ్డారు. లైను మాత్రం వదల్లేదు.

సిమ్లా వాళ్ళు లైను వెనక లైను మారుతూ, తాజా తాజాగా వచ్చి కొడుతున్నారు. జగ్గమ్మ రగ్గులోంచి, “పాపం, ఆ పిల్లలెవరో గాని, దిగినోణ్ని దిగినట్టే లెగ్గొట్టేత్తన్నారు. సిమ్లాలో మర్యాద తెలీదు కావాల!” అని బాధపడింది.

బిళ్ళలన్నీ కూర్మారావు వైపే వచ్చాయి. కొన్ని గోల్లోకి వెళ్ళాయి, కొన్ని అతనికి తగిలి వెళ్ళాయి. ఇరవై దాటాక స్కోరు బోర్డు దగ్గరివాడు లెక్క మానేసి టీ తాగడానికి వెళ్ళాడు. అటు చివర సిమ్లా గోల్లో నిలబడ్డ పైడన్నకి వేరే పని తగల్లేదు. మర్యాదగా ఇటు చెయ్యి ఊపాడు.

మర్నాడు ఆసుపత్రిలో, చేతికీ కాలికీ కట్లతో పడుకున్న కూర్మారావుని మంత్రిగారు బత్తాయిలతో పరామర్శించారు. కూర్మారావుకి ముందు పళ్ళు రెండు లేవు. పక్కన భారతీదేవి బోర్డూ, పెయింటు డబ్బా పట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

“గొప్ప విజయం కూర్మారావ్,” అన్నారు మంత్రిగారు. “జిల్లాలో ఒక్కడు కూడా అలగలేదు.”

కూర్మారావు తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

“ఒక్కటే సిక్కు,” మంత్రిగారు గొంతు తగ్గించారు. “పాత్రపూరోళ్ళు లారీ మీద వొచ్చారు. కీపరు పదవి ఆళ్ళక్కూడా కావాలట. నువ్వు సీనియరువి. నువ్వు మొదటి కీపరువే. ఆళ్ళోడికి ప్రథమ కీపరు ఇద్దాం. ఏటంటావు?”

బోర్డు మీద ఖాళీలో కుంచె ఆనించబోయిన భారతీదేవి ఆగి, భర్తవైపు చూసింది. కట్లలో కదల్లేనివాడు కదిలాడు. మోచెయ్యి ఆన్చి, మూలుగుతూ లేచి కూర్చున్నాడు.

“ఆజ్ఞా... మరి బిళ్ళలొచ్చినప్పుడు,” అన్నాడు పళ్ళు లేని నోటితో, “ముందెవులు నిలబడతారు?”