ఖాళీ వరుస

పెద్ద వరద వచ్చి తగ్గిన మూడో ఏడు జరిగిన సంగతి ఇది. వరదలో దర్జీకీ, పక్కనే సెలూన్ నడిపే అతని బావమరిదికీ నష్టమేమీ కాలేదు, మాటలు పోవడం తప్ప.

నీళ్ళు తగ్గేదాకా అయిదు రోజులు ఇద్దరూ దర్జీ ఇంటి మేడ మీద ఉన్నారు. చేతిలో ఉన్నది ఒక్క పేక. ఒక్కరే ఆడుకునే ఆట, వంతులు వేసుకుని ఆడారు. ఏడు వరుసలు పరచాలి. నల్ల మీద ఎర్ర, ఎర్ర మీద నల్ల, పెద్ద నుంచి చిన్నకు దిగాలి. ఆసులు పైకి వెళితే వాటి మీద రెండు, మూడు అంటూ రాజు దాకా ఎక్కాలి. నలుగురు రాజులూ ఎక్కితే ఆట తేలినట్టు. ఇంతవరకూ తగువు లేదు. నాలుగో రోజు ఒక వరుస ఖాళీ అయింది. బావమరిది అందులో ఆఠీను పది పెట్టాడు.

"తియ్యి. ఖాళీ వరుసలో రాజు తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు," అన్నాడు దర్జీ.

"ఎవరన్నారు?"

"ఈ ఆట కనిపెట్టింది ఒక రాజుగారు. తన చోటు తను ఉంచుకున్నాడు."

"రాజుకి ఒంటరిగా ఆడుకోవాల్సిన ఖర్మేంటి బావా? కనిపెట్టింది జైల్లో ఖైదీ. అయినా నా కొట్లో కుర్చీ ఖాళీ అయితే ఎవడొస్తే వాడు కూర్చుంటాడు. రాజొచ్చేదాకా ఆపుతానా?"

ఆ రాజును గాని, ఆ ఖైదీని గాని ఇద్దరిలో ఎవరూ చూసింది లేదు. అయినా తగువు అయిదో రోజు కూడా నడిచింది. మెట్లు దిగుతూ దర్జీ అన్నాడు: "నా పద్ధతిలో ఆట తేలిన రోజునే నీతో మాట్లాడతాను." అసలే తక్కువ మాటల మనిషి. అన్న మాట మీద నిలబడటం అతనికి కష్టం కాలేదు. రోజుకొక ఆట ఆడాడు. మూడేళ్ళూ ఒక్కటీ తేలలేదు.

ఇప్పుడు బావమరిది సెలూన్ ఎత్తేసి కూతురి ఊరికి వెళ్ళిపోతున్నాడు. లారీ రేపు ఉదయం వస్తుంది. దర్జీ భార్యకు అతనొక్కడే తమ్ముడు. ఇద్దరూ మొహాలు తిప్పుకునే విడిపోతారేమోనని వారం నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. ఈ ఉదయం భర్త స్నానానికి వెళ్ళగానే మిషన్ సొరుగులోంచి పేక తీసింది. దర్జీకి ఒక అలవాటు. సాయంత్రం ముక్కలు కలిపి పెడతాడు, ఉదయం కలపకుండా పరుస్తాడు. ఆమె ధైర్యమంతా అదే.

సెలూన్‌లో ఉన్నది ఒకే కుర్చీ. అందులో పోస్ట్‌మ్యాన్, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురుగుతో ఉన్నాడు.

"తమ్ముడూ, ఆట తేలేలా ఈ ముక్కలు పేర్చు. తొందరగా!"

"నా గడ్డం?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"పెరిగేదే కదన్నా, ఎక్కడికి పోతుంది?" అని బావమరిది కత్తి పక్కన పెట్టి, అతని ఒళ్ళో పరిచిన తెల్లగుడ్డ మీదే ముక్కలు పేర్చడం మొదలుపెట్టాడు. పోస్ట్‌మ్యాన్ సలహాలు చెప్పాడు. ప్రతి సలహాకూ ఒక నురుగు చుక్క రాలింది. పని సగంలో ఉండగానే గోడ అవతల దడదడమని సొరుగులు లాగుతున్న చప్పుడు వినబడింది.

"అయ్యో, వచ్చేశారు! బాబ్బాబు, నువ్వెళ్ళి ఏదో ఒకటి కొలతలివ్వు," అని ఆమె పోస్ట్‌మ్యాన్‌ను లేపి తోసింది.

దర్జీ కొట్టులో నేలంతా గుండీలే. సగం నురుగుతో వచ్చిన మనిషిని అతను ఎగాదిగా చూశాడు.

"ఏం కావాలి?"

"కోటు," అన్నాడు పోస్ట్‌మ్యాన్. జన్మలో కోటు తొడగని మనిషి నోటికి ఆ మాట ఎందుకు వచ్చిందో అతనికే తెలియదు.

దర్జీ టేపు తీశాడు. ఛాతీ అయింది, చెయ్యి అయింది. మెడ దగ్గర టేపుకు నురుగు అంటింది. ఈలోగా భార్య పెరటి దారిన వచ్చి పేకను సొరుగులో పడేసింది. సుద్ద కోసం సొరుగు లాగిన దర్జీకి అందులో పేక కనబడింది. ఆ సొరుగు అతను అప్పటికే మూడుసార్లు వెతికాడు.

"కోటు కుట్టలేను. నా కళ్ళు పోయాయి. కొట్టు మూసేస్తాను."

"అయ్యో, అదేం మాటండీ! నిక్షేపంలా ఉన్నాయి," అంది భార్య కంగారుగా. "ముందు ఆట ఆడండి. తర్వాత చూద్దాం."

దర్జీ ముక్కలు పరిచాడు. మూడేళ్ళలో అలాంటి ఆట పడలేదు. ఆసులు వాటంతట అవే పైకి వచ్చాయి. భార్య వంటింటి గుమ్మం పట్టుకుంది. పెరటి తలుపు తెర వెనక ఎవరివో కాళ్ళు కనబడుతున్నాయి. ఒక వరుస ఖాళీ అయింది. అక్కడ ఆట ఆగింది. రాజులందరూ బోర్లా ముక్కల కిందే ఉన్నారు. వాళ్ళు బయటికి రావాలంటే దారి ఒక్కటే: ఆఠీను పదిని ఖాళీ వరుసలో పెట్టాలి.

దర్జీ ఆ పదిని తీసి వెలుగుకు పట్టి చూశాడు. దాని మీద ఎండిన సబ్బు మరక ఉంది. మరకలో ఒక చిన్న వెంట్రుక ఉంది. ఆటను ఇలా పేర్చే మనిషి లోకంలో ఒక్కడే.

"ఇంత వెంట్రుక కనబడిందంటే కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు భార్యతో. ముక్క ఎక్కడిది అక్కడ పెట్టేశాడు. "ఆట తేలలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. దర్జీ చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు. తెర వెనక కాళ్ళు పెరటి దారిన పరుగెత్తాయి.

అతను సెలూన్‌లో అడుగుపెట్టేసరికి బావమరిది రొప్పుతూ, కత్తి నూరుతున్నట్టు నటిస్తున్నాడు. దర్జీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"గడ్డం," అన్నాడు.

బావమరిది చేతిలో కత్తి జారింది. "ఆట తేలిందా బావా?"

"లేదు."

"మరి?"

"ఖాళీగా ఉంది కదా. కూర్చున్నాను."

"అది నా చోటు!" అన్నాడు వెనకాలే వచ్చిన పోస్ట్‌మ్యాన్, నురుగు చెంప చూపిస్తూ.

"లేచి వెళ్ళావుగా!" అన్నారు బావా బావమరుదులు ఒక్కసారే.

మర్నాడు ఉదయం లారీ వచ్చింది. కుర్చీ ఎక్కింది, అద్దం ఎక్కింది. దర్జీ ఇస్పేటు రాజును తెచ్చి బావమరిది చొక్కా జేబులో పెట్టి, జేబు గుండీ తనే పెట్టాడు.

"ఇది లేకపోతే నీ ఆట ఎప్పటికీ తేలదు బావా."

"తెచ్చివ్వు. పండక్కో పబ్బానికో కాదు, నెలనెలా."

లారీ మలుపు తిరిగేదాకా భార్యాభర్తలు వీధిలోనే నిలబడ్డారు. తర్వాత దర్జీ లోపలికి వచ్చి యాభై ఒక్క ముక్కలూ కలిపి పరిచాడు. పావుగంటలో ఒక వరుస ఖాళీ అయింది. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. పదిని అందులో పెట్టాడు.