ఒక రౌండు ఆరోగ్యం

సమస్యలను పరిష్కరించడానికి మానవజాతి ఇంతవరకు రెండే పద్ధతులు కనిపెట్టింది. ఒకటి, సమస్యను తగ్గించడం. రెండు, సమస్య ఉందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష పెట్టి, అందులో అందరినీ పాస్ చేయించడం. మొదటిదానికి ఓపిక కావాలి. రెండోదానికి ఒక షామియానా, ఒక మైకు చాలు.

పిల్లలు జంకూ గొంకూ లేకుండా జంక్ తినడం మొదలుపెట్టాక, పైవాళ్ళు (ఎంత పైవాళ్ళో కిందనుంచి చూసినవారు లేరు) బాలారోగ్య ప్రమాణాల మండలి అనే సంస్థను నెలకొల్పారు. మండలి సభ్యులు చాలాకాలం మథనపడి, మధ్యమధ్య సమోసాలు తిని, ఆరోగ్యమంటే ఏమిటో రెండు ముక్కల్లో తేల్చేశారు: "బడి మైదానం చుట్టూ ఆగకుండా ఒక రౌండు పరుగెత్తగలిగిన పిల్లవాడు ఆరోగ్యవంతుడు. ఆడపిల్లయినా అంతే." సగంమంది దారిలో ఆగిపోతే ఆ బడి క్యాంటీన్‌లో ఏడాదిపాటు ప్యాకెట్లు నిషేధం, రోజూ గంటసేపు ఆటలు తప్పనిసరి. సగానికి మించి తిరిగొస్తే గేటుకు 'ఆరోగ్య పాఠశాల' అని బోర్డు.

ఈ సర్క్యులర్ చదివి మనస్ఫూర్తిగా సంతోషించినవాడు డ్రిల్లు మాస్టారొక్కడే. తన బడి తప్పకుండా ఫెయిలవుతుందని ఆయన సంతోషం.

ఆయన కూతురు అదే బడిలో అయిదో క్లాసు. పై అంతస్తులో ఉన్న క్లాసుకు ఎక్కుతూ ఒకరోజు మెట్ల మధ్యలో కూలబడింది. స్కానింగు తీయించిన డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "లివర్‌కి కొవ్వు పట్టిందండీ. ఇది నా వయసువాళ్ళకి రావాల్సింది. మీ అమ్మాయి కాస్త తొందరపడింది" అన్నాడు. మందేమిటని అడిగితే, "ప్యాకెట్లు మానాలి, రోజూ పరుగెత్తాలి. ఈ రెండూ మందులషాపులో దొరకవు, అదే చిక్కు" అన్నాడు. ఇప్పుడు పట్టించుకోకపోతే పెద్దయ్యాక పట్టించుకోవడానికి లివర్ మిగలదని కూడా చెప్పాడు, పిల్లను బయటికి పంపి.

ఇంట్లో ప్యాకెట్లు ఆగిపోయాయి. బడిలో ఎలా ఆగుతాయి? ఆ బడిలో అన్నిటికంటే పెద్ద గది క్యాంటీనే (లైబ్రరీ మెట్లకింద ఉంది, వంగి వెళ్ళాలి). దాన్ని నడిపే కాంట్రాక్టరును పిల్లలంతా 'చిప్స్ బాబాయ్' అంటారు. పిల్లల తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. బడిగంట ఆయనిచ్చిందే, మంచినీళ్ళ డ్రమ్ము ఆయనిచ్చిందే, చివరికి డ్రిల్లు మాస్టారి మెడలో వేలాడే విజిల్ కూడా ఆయనిచ్చిందే, దానిమీద చిప్స్ బొమ్మతో సహా. ఆ విజిల్ ఊదితే పిల్లలు వరుసలో నిలబడటం మాని క్యాంటీన్ వైపు తిరిగేవారు. క్రమశిక్షణ కాస్తా క్రీముశిక్షణ అయిపోయిందని మాస్టారు స్టాఫ్ రూములో వాపోతే అందరూ నవ్వారు, నోటినిండా క్రీము బిస్కెట్లతో.

పోనీ పరుగెత్తిద్దామంటే, ఆటల పీరియడు టైంటేబుల్లో ఉంది గాని పిల్లలు లెక్కల్లో ఉన్నారు. లెక్కల మేడమ్ ఆ పీరియడును అద్దెకు తీసుకుని ఖాళీ చేయడం మానేసింది.

ఇక ఇంట్లో రోజూ సాయంత్రం ఇదే విచారణ.

"ఇవాళ ఏమైనా తిన్నావా తల్లీ?"

"లేదు నాన్నా."

"ఏదీ, నాలుక చూపించు."

నాలుక నారింజ రంగులో ఉంది.

"మా ఫ్రెండు తింటుంటే పక్కన కూచున్నా, అంతే."

"పక్కన కూచుంటే నాలుక రంగు మారుతుందా?"

"గాలికి ఎగిరొచ్చి పడింది నాన్నా! నేనేం చెయ్యను? నోరు తెరిచుంది."

వంటింట్లోంచి వాళ్ళమ్మ, "మీ బడిలో గాలి కూడా మసాలాదే కాబోలు" అంది.

అందుకే సర్క్యులర్ రాగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. బడి ఫెయిలైతే చాలు, కూతురికి కావలసిన రెండు మందులూ ప్రభుత్వ ఖర్చుతో వచ్చిపడతాయి. ఆయన ఉత్సాహంగా రిహార్సల్ పెట్టాడు. కూల్‌డ్రింకు పిల్లలు మొదటి మలుపులోనే కూలారు. పఫ్ఫు పిల్లలు రెండో మలుపు దాకా వెళ్ళి ఉఫ్ఫన్నారు. కుళాయి దగ్గర ఒకడు గోడకానుకుని, "సార్, ఇక్కణ్ణుంచి ఆటో ఏమైనా దొరుకుద్దా?" అని అడిగాడు. డ్రిల్లు మాస్టారి జీవితంలో ఏ ఓటమీ ఆయనకింత తృప్తినివ్వలేదు.

హెడ్ మేడమ్ మాత్రం హడలిపోయి అత్యవసర సమావేశం పెట్టింది.

"ఏవండీ మాస్టారూ, మీ గ్రౌండు మరీ పెద్దదిగా ఉందండీ. కాస్త తగ్గించలేరా?"

"గ్రౌండు నాది కాదు మేడమ్, గోడల మధ్య ఎంతుంటే అంతే."

"అబ్బ, చుట్టూ అంటే గోడ చుట్టూ అనేనా? బాస్కెట్‌బాల్ స్తంభం చుట్టూ తిరిగితే చుట్టూ కాదా?"

స్తంభం కూడా దూరమేనని ఎవరో అన్నారు. అయితే కుర్చీ చుట్టూ అన్నారు ఇంకొకరు. జాగ్రఫీ మాస్టారు గొంతు సవరించుకుని, ఎవరి చుట్టూ వాళ్ళు తిరిగినా శాస్త్రప్రకారం అది పూర్తి రౌండేననీ, భూమి రోజూ చేసే పని అదేననీ, అంతమాత్రాన భూమి ఆరోగ్యాన్ని ఎవరూ శంకించలేదనీ సెలవిచ్చాడు. సభ హర్షించింది. తనిఖీ అధికారికి అనుమానం రాకుండా ఆయన కుర్చీని గోడవైపు తిప్పి వేయాలని కూడా తీర్మానం కాబోయింది.

డ్రిల్లు మాస్టారు లేచాడు. "సర్టిఫికెట్ మీద సంతకం నాది మేడమ్. గోడ పక్కనుంచి పూర్తిగా ఒక రౌండు తిరగాల్సిందే. అడ్డదారి తొక్కామని రేపు తేలితే బోర్డు పీకేస్తారు, పేపర్లో వేస్తారు."

పేపరు పేరు వినగానే హెడ్ మేడమ్ నీరుగారిపోయింది. అంతవరకు మూల కూర్చుని పల్లీలు నములుతున్న చిప్స్ బాబాయ్ చేతులు దులుపుకున్నాడు.

"మాస్టారు చెప్పిందే కరెక్టండీ. రౌండంటే రౌండే. పిల్లల సంగతి నాకొదిలెయ్యండి."

శత్రువు ఇంత తేలిగ్గా లొంగిపోతే మాస్టారు అనుమానించాల్సింది. కానీ గెలిచినవాడికి అంత తీరిక ఎక్కడిది?

పరీక్ష రోజున అధికారి (అదనపు బాధ్యతలు, అసలు బాధ్యతలేమిటో ఆయనకూ గుర్తులేదు) స్టాప్‌వాచీతో వచ్చాడు. ముందుగా మితాహారం గురించి అమితంగా ప్రసంగించాడు. ఆయన ప్రసంగించినంతసేపూ వేదిక మీదివాళ్ళకు పఫ్ఫులు అందుతూనే ఉన్నాయి. తర్వాత పిల్లలు గీత దగ్గర నిలబడ్డారు. మాస్టారు కూతురి దగ్గరికి వెళ్ళి వంగాడు.

"అమ్మలూ, ఆయాసం వస్తే ఆగిపో. మొహమాటపడకు."

"ఫెయిలవుతాను కదా?"

"అవ్వు తల్లీ. నేనున్నాను."

(కన్నకూతురిని ఫెయిలవమని దీవించిన తండ్రి లోకంలో ఇంకొకడుంటే వెంటనే మండలికి తెలియజేయాలి.)

విజిల్ మోగింది. అదే క్షణాన గమ్యం దగ్గర చిప్స్ బాబాయ్ ఒక బల్ల మీది దుప్పటి లాగేశాడు. కొత్త రకం ప్యాకెట్లు, ఇంకా క్యాంటీన్‌లోకి రానివి, గుట్టగా మెరుస్తున్నాయి. ఆయన మైకు అందుకున్నాడు.

"రండమ్మా రండి! ఆగకుండా వచ్చినోళ్ళకే! మధ్యలో ఆగితే ఉత్త చేతులే!"

ఆ తర్వాత జరిగినదాన్ని పరుగు అనడం పరుగుకే గౌరవం. కూల్‌డ్రింకు పిల్లలు మొదటి మలుపును మలుపని గుర్తించలేదు. పఫ్ఫు పిల్లలు ఉఫ్ఫనడానికి కూడా ఆగలేదు. ఆటో అడిగినవాడు ఆటోలా దూసుకుపోయాడు. అందరికంటే వెనక, రెండు జడలూ ఎగురుతుండగా, మొహం కందిపోయి, పక్కటెముక చేత్తో నొక్కుకుంటూ, మాస్టారి కూతురు వస్తోంది. కుళాయి దాటింది. మెట్ల మధ్యలో కూలబడిన పిల్ల ఆఖరి మలుపు కూడా తిరిగింది. డ్రిల్లు మాస్టారు ఒక్క క్షణం సర్వం మరిచిపోయి, "రా తల్లీ, రా! వచ్చేశావ్, వచ్చేశావ్!" అని గొంతు చించుకున్నాడు. పిల్ల గీత దాటాక గాని తను ఎటువైపో ఆయనకు గుర్తురాలేదు.

పాప నేలమీద చతికిలబడి, ఆయాసంతోనే పళ్ళతో ప్యాకెట్ చించింది.

"నాన్నా, పాసా?"

"పాసేనమ్మా" అన్నాడు మాస్టారు. పిల్ల అంత సంతోషంగా ఉన్నప్పుడు ఇంకేమనాలో ఏ శిక్షణలోనూ ఆయనకు నేర్పలేదు.

తర్వాత మాస్టారు అధికారి వెంటపడ్డాడు. "సార్, వాళ్ళు ప్యాకెట్ల కోసం పరుగెత్తారండీ!"

"దేనికోసం పరుగెత్తాలో సర్క్యులర్‌లో లేదండి. ఎండలో ఇంతదూరం నేను మాత్రం దేనికొచ్చాను? జీతం కోసమేగా. నాకు ఆరోగ్యం లేదంటారా?"

"అది కాదు సార్, మా పాపకి లివర్..."

"లివర్ మా మండలి కిందికి రాదు. మాది కాళ్ళ వరకే." అంటూ నివేదిక పూర్తిచేశాడు. ఈ బడి పిల్లలకు శక్తి పుష్కలంగా ఉందనీ, ప్యాకెట్ వల్ల పరుగు వేగం గణనీయంగా పెరుగుతోందనీ, కాబట్టి దాన్ని 'పరుగు ప్రేరక పోషకం'గా గుర్తించి మిగతా బడులకూ విస్తరింపజేయాలనీ సిఫార్సు చేశాడు. కింద డ్రిల్లు మాస్టారి సంతకం తీసుకున్నారు. రౌండు పూర్తి రౌండేగా మరి.

గేటుకు బోర్డు వచ్చింది. 'ఆరోగ్య పాఠశాల' అన్న అక్షరాలు చిప్స్ బొమ్మ పక్కన కాస్త ఇరుక్కుని ఉంటాయి, దగ్గరికెళితే కనిపిస్తాయి. పిల్లలు పరుగెత్తగలరని అధికారికంగా రుజువైపోయింది గనుక ఇక వాళ్ళను పరుగెత్తించాల్సిన పనిలేదని హెడ్ మేడమ్ ఆటల పీరియడును టైంటేబుల్లోంచి కూడా తీసేసింది. లెక్కల మేడమ్‌కు పట్టా చేతికొచ్చింది. క్యాంటీన్ దగ్గర క్యూ పెరగడంతో, దాన్ని అదుపు చేసే బాధ్యత విజిల్‌తో సహా డ్రిల్లు మాస్టారికి అప్పగించారు.

అయినా ఆయన తండ్రి. మర్నాడు పొద్దున్నే కాన్వాసు బూట్లు తొడుక్కుని కూతురి మంచం దగ్గర నిలబడ్డాడు.

"లేమ్మా, వీధి చివరిదాకా పరుగెత్తి వద్దాం."

"ఎందుకు నాన్నా?"

"ఒంటికి మంచిది తల్లీ."

పాప ఒక కన్ను తెరిచి, అయిదో క్లాసుకు తగిన జాలితో తండ్రిని చూసింది. "పాసైపోయాను కదా నాన్నా. పాసైన పరీక్ష ఎవరైనా మళ్ళీ రాస్తారా?" అని దుప్పటి ముసుగుతన్నింది.

బడిలో చెప్పిన పాఠాలన్నిటిలో ఆ పిల్లకు పూర్తిగా ఒంటబట్టింది ఇదొక్కటే.