మెడ లేని మనిషికి మెడదిండు

దూరప్రయాణపు విమానంలో కూర్చుని నిద్రపోవడానికి అనువైన మెడదిండు ఎంపిక విజయవంతంగా ముగిసిందని పాఠక మహాశయులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ కార్యక్రమంలో నాతో పాటు మా ఆవిడ, మా బావమరిది, మా పత్రికాఫీసులోని నాలుగు విభాగాలు పాల్గొన్నాయి. ఎవరికీ గాయాలు కాలేదు. సహకరించిన వారందరికీ కృతజ్ఞతలు.

దిండు అవసరం ఎందుకొచ్చిందో కూడా చెప్పడం ఆనవాయితీ కాబట్టి చెబుతున్నాను. మా ఊరి వంతెన కూలింది.

పాత వంతెన కాదు, కొత్తది. పాతది ఇప్పటికీ ఉంది. కొత్తది కూలినప్పుడు దాని మీద మనుషులున్నారు. విచారణ సంఘం వేశారు. సంఘం గాలిని, వానను, ఏటిని విచారించి, ముగ్గురి మీదా అనుమానం వ్యక్తం చేసి నివేదిక సమర్పించింది. డ్రాయింగులో ఆరు స్తంభాలుంటే ఏట్లో నాలుగే ఎందుకున్నాయన్న ప్రశ్న తమ పరిధిలోకి రాదని చివరి పేజీలో వినయంగా పేర్కొంది.

ఆ డ్రాయింగు గీసిన ఇంజనీరు గారు రిటైరై, సముద్రాల అవతల చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. ఇప్పుడు నాకు చెబుతానని కబురు పెట్టారు. షరతులు ఉన్నాయి. ఎదురుగా కూర్చోవాలి. ఫోన్లో చెప్పరు, రికార్డరు పనికిరాదు, కాగితం మీద అక్షరం పెట్టరు. సంతకం పెట్టిన కాగితాలకు ఏ గతి పడుతుందో ఆయన చూశారు. పైగా నేను అక్కడ దిగే రోజుకు మర్నాడే ఆయన గొంతుకు ఆపరేషన్. తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమని డాక్టర్లు అన్నారు. కాబట్టి నేను విమానం దిగి నేరుగా ఆయన ముందు కూర్చోవాలి. ఒక రోజు ముందే వెళ్తే హోటల్ ఖర్చవుతుందని మా అకౌంట్స్ విభాగం పరిశోధించి కనిపెట్టింది.

వంతెన మీద భర్తను పోగొట్టుకున్న ఒకావిడ మా ఆఫీసు ఉన్న వీధి చివర బట్టలు కుడుతుంది. అందరూ టైలరమ్మ అంటారు. నేను వెళ్తున్నానని తెలిసి, మెడలో టేపు అలాగే వేసుకుని వచ్చింది.

"సార్, మీకు తెలీని ప్రశ్నలు నాకేం తెలుస్తాయి గానీ, ఒక్కటి మాత్రం అడగండి. రెండు స్తంభాలు తగ్గించమని సంతకం పెట్టింది ఎవరు? పేరు చెబితే చాలు."

"అది అడక్కుండా ఎలా వస్తానమ్మా?"

"అంత దూరం వెళ్లాక మర్చిపోరు కదా?"

"నేనా!" అన్నాను. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు అంతకంటే ఎక్కువ మాట్లాడనక్కర్లేదు.

మా ఎడిటర్ గారు నన్ను గదిలోకి పిలిచి, ఎదురుగా నేనొక్కడినే ఉన్నా సభనుద్దేశించి మాట్లాడారు. "ఏమయ్యా, ప్రజాస్వామ్యం నీ వైపు చూస్తోంది. నువ్వక్కడ తాజాగా దిగాలి. తాజా మెదడుంటేనే తాజా ప్రశ్న, తాజా ప్రశ్నుంటేనే తాజా వార్త. విమానంలో కంటినిండా నిద్రపో. అదే నీ ప్రథమ కర్తవ్యం."

కర్తవ్యాన్ని నేనెప్పుడూ అశ్రద్ధ చేయలేదు. ఆ సాయంత్రమే పని ప్రారంభించాను.

"దిండుదేముందండీ," అంది మా ఆవిడ. "నిద్ర సుఖమెరుగదని ఊరికే అన్నారా?" ఆ సామెత కట్టినవాడు విమానంలో మధ్య సీటులో కూర్చున్నట్టు ఆధారాలు లేవని చెప్పి, ఆమె అభ్యంతరాన్ని నమోదు చేసుకుని, తోసిపుచ్చాను.

మా బావమరిది రెండుసార్లు విమానమెక్కాడు. మా కుటుంబంలో దాన్ని డాక్టరేటుతో సమానంగా పరిగణిస్తాం. "బావా, గాలి ఊదేది మాత్రం కొనకు," అన్నాడు. "మా మేనేజరు కొన్నాడు. నడి ఆకాశంలో గాలి పోయింది. అప్పట్నుంచీ మనిషి అదోలా ఉంటున్నాడు." పూసలది కొంటే మెడ చుట్టూ మరమరాల మూట కట్టుకున్నట్టుంటుందని, స్పాంజిదైతే మర్యాదగా ఉంటుందని అభిప్రాయపడ్డాడు. తను ఏది వాడాడని అడిగాను. "నాకెందుకు బావా, నేను ఎక్కగానే పడుకుంటా," అన్నాడు.

కొన్నవాళ్ల అభిప్రాయాలు నెట్లో చదివాను. ఒకాయన అయిదు చుక్కలిచ్చి, ఇంకా వాడలేదు, డబ్బా బాగుంది అని రాశాడు. ఇంకొకాయన ఒక్క చుక్కే ఇచ్చాడు. తనకు నిద్ర బాగానే పట్టిందట, విమానం ఆలస్యమైందట. ఒకావిడ తన పిల్లికి నచ్చిందని ఫొటో పెట్టింది. ఫొటోలో పిల్లి నిద్రపోతోంది. నేను చదివినవాటిలో ఆధారంతో సహా ఉన్న అభిప్రాయం అదొక్కటే.

ఈలోగా వంతెన ఫైలు తెరవలేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తెరిచాను. విచారణ సంఘం నివేదిక మీద తల పెట్టి ఎత్తు చూశాను. సరిగ్గా సరిపోయింది. నిద్ర కూడా వచ్చింది, సంఘం రాసిన తీరు అలాంటిది. కాకపోతే చేతిసంచిలో పట్టదు.

తర్వాత దశ ప్రయోగాలు. భోజనాల గదిలో కుర్చీని గది నడుమ వేసి, అరువు తెచ్చిన దిండ్లు ఒక్కొక్కటే మెడకు తగిలించుకుని కూర్చున్నాను. వెనక సీటువాడి మోకాలి పాత్రను మా ఆవిడ పోషించింది. ఆ పాత్రలో ఆమె చూపిన ఉత్సాహం నన్ను ఆలోచనలో పడేసింది. "చాలు, అంత గట్టిగా తన్నరు," అన్నాను. "ఏమో, రకరకాల మనుషులెక్కుతారు," అంది.

ఆఫీసులో ప్రయోగానికి సోమవారం సమావేశాన్ని ఎంచుకున్నాను. పత్రిక భవిష్యత్తు గురించి ఎడిటర్ గారు ప్రసంగిస్తుండగా దిండు వేసుకుని కూర్చున్నాను. వెంటనే నిద్ర పట్టింది. కానీ ఫలితం చెల్లలేదు. ఆ సమావేశంలో దిండు లేనివాళ్లకు కూడా నిద్ర పట్టిందని క్రీడల విభాగం సాక్ష్యం చెప్పింది.

దీనితో విషయం ఆఫీసంతా పాకింది. క్రీడల విభాగం గాలిదిండు పక్షం వహించింది. వాణిజ్య విభాగం స్పాంజికి కట్టుబడింది. సినిమా విభాగం దిండు రంగు గురించి మాత్రమే మాట్లాడతామంది. ఆదివారం అనుబంధం వాళ్లు వచ్చి, ఇంత శ్రమపడ్డారు కదా, ఒక వ్యాసం రాసివ్వమన్నారు. వంతెన కూలినప్పుడు కూడా మా ఆఫీసులో ఇంత చర్చ జరగలేదు. ఎడిటర్ గారు నడవాలో ఎదురై, "ప్రశ్నలు సిద్ధమేనా?" అని అడిగారు. "దిండు దాదాపు ఖరారైంది సార్," అన్నాను. "భేష్," అన్నారు.

చివరికి దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నన్ను ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి చూశాడు.

"సమస్య దిండుతో కాదు సార్. మీకు మెడ లేదు."

"అదేంటి?"

"తల సరాసరి భుజాల మీదికి దిగింది. కొందరికంతే. దిగులుపడకండి."

నేను ఎవరి ముందూ మెడ వంచని విలేకరినని పోయినేడు నాకు సన్మానం చేసి, శాలువా కప్పి, పత్రం చదివారు. అసలు వంచడానికి అక్కడేమీ లేదన్న సంగతి సన్మాన సంఘానికి గానీ నాకు గానీ తట్టలేదు. దుకాణదారు లోపల్నుంచి ఒకటి తెచ్చాడు. గడ్డం కింద మెత్త, రెండు చెవుల పక్కన గోడలు, వెనక కట్టు. మెడతో నిమిత్తం లేకుండా తలను నిలబెడుతుందన్నాడు. "ఇది వేసుకుంటే నిద్రపోతున్నట్టు కూడా తెలీదు సార్. తల ఒరగదు, నోరు తెరుచుకోదు." కొనేశాను.

ఇంటికి తెచ్చి వేసుకుని చూపించాను. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసింది. "అచ్చం కాడి కట్టినట్టుంది. పోనీలెండి, ఇన్నాళ్లకు," అంది.

విమానంలో నాకు మధ్య సీటు వచ్చింది. కిటికీ పక్క ఒక పెద్దావిడ కూర్చుంది. తెరలు దించి పగటిని చీకటి చేశారు. నేను కట్టు బిగించి కళ్లు మూసుకున్నాను. ఆమె నా భుజం వైపు ఒరిగి, నా దిండు కుడి గోడ మీద తల ఆనించి నిద్రపోయింది. దిండు పనితనం అప్పుడు దగ్గర్నుంచి గమనించాను. తల జారలేదు. కుదుపులకు అదరలేదు. భోజనం బండి వచ్చినా ఆమెకు మెలకువ రాలేదు. నేను కదిలితే లేస్తుందేమోనని కదల్లేదు. దిగేముందు లేచి, ఒళ్లు విరుచుకుని, "హాయిగా పట్టింది బాబూ. మీరూ ఏదైనా తెచ్చుకోవాల్సింది, పాపం," అంది.

ఇంజనీరు గారి చెల్లెలు తలుపు తీసింది. "అన్నయ్య ఎక్కువసేపు మాట్లాడకూడదండీ," అంది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. గొంతు మడత మంచం కిర్రుమన్నట్టుంది. నా కోసం ఎదురుగా ఇంకో కుర్చీ వేశారు. కూర్చున్నాక ఆయన నా మెడ వైపు, అంటే మెడ ఉండాల్సిన చోటు వైపు చూశారు. దిండు తీయడం మరిచిపోయాను.

"అదేంటి నాయనా?"

"దిండండీ. విమానంలో నిద్రకి."

"పట్టిందా?"

"పక్కావిడకి పట్టిందండీ."

ఆయన నవ్వి, గొంతు పట్టుకున్నారు. "రేపట్నుంచీ నన్ను కూడా తల కదపొద్దన్నారు. ఏది మంచిదంటావు?"

నా ముప్పై ఏళ్ల వృత్తిలో నాకు బాగా తెలిసిన విషయం మీద నన్నొకరు ప్రశ్న అడగడం అదే మొదలు. చెప్పాను. గాలి, పూస, స్పాంజి, వాటి గుణదోషాలు, పిల్లి అభిప్రాయం. ఆయన కూడా మధ్యమధ్య, "బరువు ఎక్కడ దిగుతోంది?" "పక్కనుంచి తోస్తే?" అని అడిగారు. చాలాసేపటికి చెల్లెలు తొంగిచూసింది. "ఇంక చాలు అన్నయ్యా."

"పది నిమిషాలివ్వమ్మా," అన్నారాయన. ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

ఆయన నా వైపు తిరిగారు. "ఒక తలకాయ మోయడానికి ఇంత విచారించావు. అంత జనాన్ని మోయాల్సినదానికి మమ్మల్నెవరూ ఒక్క మాట అడగలేదు నాయనా. అడుగు. అడగడానికేగా వచ్చావు?"

అడిగాను. ఈ సంగతి గమనించాలి. టైలరమ్మ ప్రశ్న మాట పొల్లుపోకుండా అడిగాను. "రెండు స్తంభాలు తగ్గించమని సంతకం పెట్టింది ఎవరండీ?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ మొదలుపెట్టారు. "అప్పట్లో నా పై అధికారి గదిలో ఒక సమావేశం జరిగింది..."

సమావేశం అన్న మాట వరకు నాకు జ్ఞాపకముంది.

దిండు దుకాణదారు చెప్పినట్టే పనిచేసింది. తల ఒరగలేదు. నోరు తెరుచుకోలేదు. నేను తల నిలబెట్టి, శ్రద్ధగా వింటున్నట్టు కనిపించి ఉంటాను. మెలకువ వచ్చేసరికి ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు. "అంతే నాయనా. ఇన్నేళ్లకి గుండె తేలికపడింది. పేర్లన్నీ చెప్పేశాను, రాసుకో," అన్నారు. చెల్లెలు వచ్చి ఆయన్ను లేపింది.

మళ్లీ చెప్పండి అని అడగవచ్చు. కానీ నిద్రపోయానండీ అని ముందు చెప్పాలి. సన్మానం పొందిన విలేకరి అనే మాట కాదది. "తప్పకుండా రాస్తానండీ," అన్నాను.

మర్నాడు ఆపరేషన్ విజయవంతమైంది. మాట రాలేదు.

ఊరికి తిరిగొచ్చిన రోజే టైలరమ్మ ఆఫీసుకొచ్చింది.

"అడిగారా సార్?"

"అడిగానమ్మా."

"చెప్పారా?"

"చెప్పారు."

"ఏం పేరండీ?"

"ధ్రువీకరించుకోవాలమ్మా."

"ఆయనే చెప్పాక ఇంకెవరు ధ్రువీకరించాలి సార్?" అంది.

మెడదిండు మీద నా వ్యాసం ఆదివారం అనుబంధంలో మొదటి పేజీలో వచ్చింది. మా పత్రిక పుట్టాక ఏ రచనకూ అన్ని ఉత్తరాలు రాలేదు. ఎడిటర్ గారు నా భుజం తట్టబోయి, చూసుకోకుండా నా తల తట్టి, ప్రజాస్వామ్యం తృప్తి చెందిందన్నారు. పాఠకుల సందేహాలు తీర్చడానికి నాకొక శీర్షిక కేటాయించారు. కవరు ఉతకొచ్చా, ఎండలో ఆరేయొచ్చా, లావుపాటివాళ్లకు సరిపోతుందా. వారం వారం రాస్తున్నాను.

ఇంజనీరు గారి చెల్లెలు ఈ మధ్య ఫోన్ చేసింది. అన్నయ్య కోలుకుంటున్నారట. మాట లేదు గానీ తల ఊపుతున్నారట, ఔననీ కాదనీ స్పష్టంగా తెలుస్తోందట. ఎదురుగా కూర్చుని అప్పటి అధికారుల పేర్లు ఒక్కొక్కటే చదివితే చాలు. ఎడిటర్ గారికి ఈ సంగతి చెప్పాను. తప్పకుండా పంపిద్దామయ్యా అన్నారు, పాఠకులకు ఆసక్తి ఉందని రుజువైతే. అందుకు మా ఆఫీసులో ఒక నియమం ఉంది. ఏ ప్రశ్ననైనా పట్టించుకోవాలంటే కనీసం ఇద్దరు అడిగి ఉండాలి.

కవరు ఉతకొచ్చా అని అడిగిన ఉత్తరాలు గోనెసంచిలో వేసి పెట్టాం. సంతకం ఎవరిదని అడిగిన ఉత్తరం ఒకటి వచ్చింది. టైలరమ్మ రాసింది. రెండోది వచ్చే దాకా కవరు గురించి రాస్తూ ఉంటాను. ఉతకొచ్చండి.